గుడ్డెలుగు ముట్టిందా, ముట్టలేదా

మా తోడికోడలి కుడిచెయ్యి మణికట్టు కాడ ఇరిగిన సంగతి రాస్తున్న. రాయమని నన్నెవరూ అడగలేదు. కాని ఆ చెయ్యి బాగు చేయించే ఖర్చు ఎవరు పెట్టుకోవాలె అని మా గూడెంల నడిచిన పంచాయితీని ఇప్పుడు ఒక్కొక్కరు ఒక్కో తీరుగ చెప్పుకుంట తిరుగుతున్నరు. అందరూ తామే తీర్పు చెప్పినట్టు చెప్తున్నరు. ఆ పంచాయితీల అబద్ధం ఆడింది ఒక్క నేనే గనుక, ఉన్నది ఉన్నట్టు రాయాల్సింది కూడ నేనే.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటినంక. అంతకు ముందు ఒకసారి కొత్తగూడెంల భద్రాచలం బస్సనుకొని కల్లూరు బస్సెక్కిన. చుట్టూ మిర్చి చేన్లు, మొహం తెలిసిన మనిషి ఒక్కడు లేడు. ఆ కోపంతోని అక్షరాలు నేర్చుకున్న. మధ్యాహ్నం పూట అంగన్‌వాడీ అరుగు మీద కూసొని పలక మీద దిద్దుతుంటే, మా తోడికోడలు ఎదురుగ వచ్చి నిలబడి, "అక్కా, కలెక్టరు నౌకరీ ఎప్పుడొస్తది? నాకు గూడ జీపుల జాగ ఇస్తవా?" అని అడిగేది. రోజూ అడిగేది. నేను రోజూ తిట్టేదాన్ని.

మేమిద్దరం ఒకే ఇంటికి కోడండ్లుగ వచ్చినం. నేను పెద్ద కోడలు, ఆమె చిన్న కోడలు. ఇప్పుడు ఇద్దరి మొగోళ్లూ లేరు. ఒక్క గోడకు అటు నేను, ఇటు ఆమె. పొద్దున లేస్తే కొట్లాట. ఒకనాడు కొట్లాడకపోతే నాకు బువ్వ సయించదు.

ఎండకాలం వస్తే మా గూడెం అంత బీడీలు చుట్టే తునికాకు మీద పడ్తది. తెల్లారుతుండంగ అడవిలకు పోయి, ఎండ ముదరకముందే ఆకు కోసుకొని ఇంటికొచ్చి, నీడకు కూసొని యాభై ఆకులకు ఒక కట్ట కడ్తం. సాయంత్రం కల్లానికి మోసుకపోయి వరుసగ పేరుస్తం. కల్లమంటే ఆకు కొని ఎండబెట్టే జాగ. మాకు ఆకు కావాల్సిన రోజులల్లనే గుడ్డెలుగుకు, అదే ఎలుగుబంటికి, తునికి పండు కావాలె. ఇద్దరి పని ఒక్క కాడనే. అందుకే అడవిల నడిచేటప్పుడు గట్టిగ మాట్లాడుకుంట నడుస్తం. మనిషి గొంతు వింటే గుడ్డెలుగు తనంతట తనే పక్కకు పోతది. ఇది మాకు ఎవరూ నేర్పలేదు, నడుస్తుంటే వచ్చింది.

ఆ పొద్దు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ముందు రోజు ఎండుచాపల పులుసుల ఉప్పు ఎక్కువైందని నేనన్న. "నీ నాలుకకు తుప్పు పట్టింది" అని ఆమె అన్నది. ఆ అలకతోనే ఇద్దరం నోరు మూసుకొని అడవిలకు పోయినం. ఆకు కోసుకొని తిరిగొచ్చేటప్పుడు ముందు ఆమె, ఇరవై అడుగుల ఎనక నేను. నలభై ఏండ్ల సంది మమ్మల్ని నోరు మూసుకోమని ఊరంత మొత్తుకున్నది. ఒక్కనాడు మూసుకున్నందుకు ఏమైందో చూడండి.

పొద చుట్టు తిరిగేసరికి గుడ్డెలుగు పండ్లు ఏరుకొని తింటున్నది. మా తోడికోడలికి దానికి నడుమ చాపంత జాగ లేదు. అది రెండు కాళ్ల మీద లేచింది. ఆమె నెత్తి మీదున్న ఆకు మూట తీసి దాని మొహం మీద కొట్టింది. మూట ముడి ఊడి ఆకంత దాని మీద పడ్డది. అది 'బుర్ర్' మని ఒక దిక్కు ఉరికింది, ఈమె ఇంకో దిక్కు ఉరికింది. నేను ఎటు ఉరికిన్నో నాకు తెల్వదు. కొద్దిసేపటికి వాగు గడ్డ కింద నుంచి, "అక్కా, చచ్చినవా బతికినవా?" అని ఆమె గొంతు వినబడ్డది. ముందునాటి అలక అక్కడ తెగింది. ఆమె బండల నడుమ పడ్డది. కుడిచెయ్యి మణికట్టు కాడ పక్కకు ఒంగి ఉన్నది.

ఆటోల పెద్ద దవాఖానాకు తీస్కపోయినం. డాక్టరు ఫోటో తీపిచ్చి చూసిండు. "లోపల ప్లేటు వెయ్యాలి. వెయ్యకపోతే ఎముక వంకరగా అతుక్కుంటుంది. పది రోజుల లోపల రండి. ఆలస్యమైతే మళ్లీ విరిచి సరిచెయ్యాల్సి వస్తుంది" అన్నడు. రేషను కార్డు ఉంటే ప్లేటుతో సహా ఖర్చు అంత అందులనే పోతదంట. లేకుంటే ప్లేటు, మరలు మనమే బయట కొనుక్కొచ్చుకోవాలె.

కార్డు లేదు. ఒకప్పుడు ఉండె. కార్డుల ఉన్న ప్రతి మనిషి వేలిముద్ర వెయ్యాలన్నప్పుడు ఈమె ముద్ర పడలేదు. ఆకు కోసి, నార పేని, మట్టి పిసికి ఆమె వేళ్లు నున్నగ అయిపోయినయి. మిషను మీద పెడితే అక్కడ మనిషే లేదన్నట్టు ఊకుంటది. రెండుసార్లు పోయింది, మూడోసారి విసుగొచ్చి పోలే. పేరు పోయింది. బిడ్డను సారపాకల ఇచ్చింది. అల్లుడు మిల్లుల కాంట్రాక్టు పని చేస్తడు. అతనికి వేరే కార్డున్నది. అందుల పెండ్లం పిల్లలకు జాగ ఉన్నది గని అత్తకు లేదు. "నేను ఏ కార్డుల లేను అక్కా. చచ్చినా ఎవరి లెక్కల తగ్గను" అని నవ్వింది. నాకు నవ్వు రాలే.

ఎందుకంటే తునికాకు కట్ట కట్టాలంటే ఎడమచేత్తో ఆకు పట్టుకోవాలె, కుడిచేత్తో నార తిప్పి ముడెయ్యాలె. ఆ మణికట్టు తిరగాలె. అది తిరగకపోతే ఆకు లేదు, కలుపు లేదు, ఇప్పపువ్వు ఏరుడు లేదు. డాక్టరు వేసి పంపిన పిండికట్టును మోకాలి మీద పెట్టుకొని ఆటోల కూసొని ఆమె ఒక్కటే మాట అన్నది. "ఈ చెయ్యి పోతే నీ ఇంట్ల తినాల్సొస్తది అక్కా. నీ చేతి కూర దినాం తినుడంటే, ఆ గుడ్డెలుగుతోనే పోయినా బాగుండు." నవ్వుకుంటనే అన్నది. కాని ఆటో దిగేదాక ఆ ఎడమచెయ్యి కుడిచెయ్యిని ఇడవలే.

మూడోనాడు ఆమెను ఎంటబెట్టుకొని కల్లం కాడికి పోయిన. అక్కడ ఆకు కొనే ఏజెంటుది పెనుబల్లి దిక్కు. వాళ్ల తాతలు కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్నోళ్లు. మంచోడే. కాని పైసల మాట వచ్చిందంటే కండ్లద్దాలు తీసి తుడుచుకుంటడు.

"నీ కల్లానికి ఆకు తెస్తుంటే చెయ్యి ఇరిగింది. ప్లేటు ఖర్చు నువ్వు పెట్టు" అన్న.

అద్దాలు తీసిండు. "అదేంటమ్మా! ఆకు నా కల్లంలోకి వచ్చాకే నాది. చెట్టు మీదున్నంతసేపూ అడవిది. మధ్యలో జరిగినదానికి నేనేం చేస్తానండీ?"

"ఆ మధ్యల ఉన్నది మేమే. మేము లేకుంటే ఆకు నడిచొస్తదా నీ కల్లానికి?"

కట్టలు పేరుస్తున్నోళ్లు పని ఆపి చుట్టు చేరిండ్రు. ఏజెంటు వాళ్లందరికీ వినబడేటట్టు చెప్పిండు. "ఎవరి జాగ్రత్త వాళ్లు పడాలమ్మా. నన్ను చూడండి. నాకూ మా ఆవిడకీ పాలసీ ఉంది. ఏటేటా కడతాను. రేపు నాకేదన్నా అయితే ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు."

"ఈ ఏడు కట్టినవా?"

"కట్టానండీ."

"ఏమన్న రోగమొచ్చిందా?"

"దేవుడి దయ వల్ల ఏం రాలేదు."

"మరి పైసలు తిరిగి ఇచ్చిండ్రా?"

"ఇవ్వరమ్మా. అవి జబ్బుపడ్డ వాళ్లకి పోతాయి."

"వాళ్లు నీకు చుట్టాలా?"

"చుట్టాలేంటమ్మా! ఎవరో, ఏ ఊరో."

"అంటే మొహం తెల్వనోళ్ల దవాఖానా ఖర్చు నువ్వు ఏటేటా పెడుతున్నవు. ఇది నీ కల్లానికి పదేండ్ల సంది ఆకు మోస్తున్నది. దీని మొహం నీకు ఎరుకే. దీనికి పెట్టమంటే అద్దాలు తుడుస్తున్నవు."

అందరూ నవ్విండ్రు. ఆయన కూడ నవ్విండు గాని జేబుల చెయ్యి పెట్టలే. "అది వేరమ్మా, ఇది వేరు" అన్నడు. ఎట్ల వేరని నేనడిగిన. కట్టలు పేర్చే ముసలాయన ఒకడు, "ఎరుక లేనోళ్లకైతే ఒక్కసారి ఇచ్చి మర్చిపోవచ్చు వదినె. ఎరుకైనోళ్లకిస్తే రేపు ఇంకొకరొస్తరని భయం" అన్నడు. ఏజెంటు ఆయన దిక్కు కొరకొర చూసిండు. అది నిజమేననుకుంట.

అప్పుడు ఏజెంటుకు తప్పించుకునే దారి దొరికింది. "అసలు ఆ ఎలుగుబంటి ఎవరిదమ్మా? నాదా? ఫారెస్టు వాళ్లది. అడవి జంతువు ముట్టుకుంటే ఖర్చు సర్కారే ఇస్తుంది. బీటాఫీసరు మేడంని అడగండి. ఇంతకీ గోరు పడిందా లేదా?"

అందరం మా తోడికోడలి దిక్కు చూసినం.

"పడలే" అన్నది.

"సరిగ్గ చూసుకో పిల్లా" అన్న.

"నా ఒళ్లు నాకు తెల్వదా? అది నన్ను ముట్టలే. నేనే దాన్ని మూటతోని కొట్టిన."

ఆమె మోచెయ్యి మీద ఒక గీత ఉన్నది. పరికి ముల్లు గీరింది. నా కన్ను దాని మీదనే పడ్డది. తప్పు నాదే. మర్నాడు పొద్దుగాల ఆమెకు చెప్పకుండ బీటు మేడం కాడికి పోయిన. ఆ పిల్ల ఉద్యోగంల కొత్తగ చేరింది, మోటర్‌ సైకిల్‌ మీద తిరుగుతది, నన్ను అమ్మమ్మా అంటది. "గోరు పడ్డది మేడం. మూడు గీతలు పడ్డయి" అని చెప్పిన. ఉన్నది ఒక్క గీత. మూడని ఎందుకు అన్ననో ఇప్పటికీ నాకు తెల్వదు. అబద్ధం నోట్ల నుంచి బయటికి రాంగనే పెరుగుతదేమో.

"రేపు ఫారం తీసుకొని వచ్చి చూస్త అమ్మమ్మా" అన్నది.

సంబురంగ ఇంటికొచ్చిన. నాకంటె ముందే ఆ మాట గూడెంలకు వచ్చి కూసున్నది. గూడెం పెద్ద, నాకు మరిది వరస, మా వాకిట్ల నిలబడి ఉన్నడు.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలె. అడవి జీవం గోరు గాని పన్ను గాని మనిషి మీద పడితే, ఆ మనిషి గూడెం బయట పాకల ఉండాలె. గూడేనికి అన్నం పెట్టినంకనే లోపలికి రావాలె. మా అమ్మమ్మ కాలం నుంచీ ఉన్నది. మేకను కొయ్యాలె, అందరూ తినాలె. అంతమంది కలిసి తింటేనే ఆ మనిషి మళ్ల మనలోని మనిషి అయినట్టు. ఇది నాకు పుట్టినప్పటి సంది ఎరుకే. సర్కారు కాడ అబద్ధం ఆడేటప్పుడు మాత్రం యాదికి రాలే.

"వదినె, గోరు పడ్డదని నువ్వే చెప్పినవంట" అన్నడు మరిది.

"సర్కారుకు చెప్పిన. నీకు చెప్పలే."

"సర్కారుకొక గోరు, నాకొక గోరు ఉంటదా?"

 అట్ల నేను అబద్ధం ఆడినందుకు మా తోడికోడలు చాప, సత్తుగిన్నె పట్టుకొని పాకలకు పోయింది. పోయేటప్పుడు నా దిక్కు చూసి, "కలెక్టరమ్మా, నీ చదువు సల్లగుండ! నలభై ఏండ్లు నీ గోడ పక్కన పడి ఉన్న. ఒక్క మాటతోని ఊరు దాటిచ్చినవు" అన్నది. ముసిముసి నవ్వుకుంట అన్నది. అయినా సిగ్గుతోని నా తల లేవలే. ఆ పొద్దు బువ్వ తీస్కపోతే, "ఉప్పు తక్కువైంది" అని వాపసు పంపింది.

ఆమె కాడ మేక కొనే పైసలు ఏడ ఉన్నయి? అసొంటప్పుడు ఇంటింటికి ఇంత అని వేసుకుంటరు. అది కూడ పద్ధతే. మరిది ఇల్లిల్లు తిరిగిండు. నేను వాకిట్ల కూసొని చూస్తనే ఉన్న. రెండు రోజుల ముందు నేను ఇవే ఇండ్లకు పోయి ప్లేటుకు సాయం అడిగిన. ఒకడు విత్తనాలు కొనాలన్నడు, ఒకామె మనుమరాలి బడి అన్నది, ఒకడు తలుపు ఎనక నుంచి ఇంట్ల లేనన్నడు. ఇప్పుడు అదే తలుపుల నుంచి బియ్యం వస్తున్నయి, నోట్లు వస్తున్నయి. లేనన్నోడే అందరికంటె ముందు ఇచ్చిండు. పొద్దు గుంకేలోపల మంచి మేకపోతు వచ్చి మరిది గుంజకు కట్టేసి ఉన్నది. పిల్లలు దాని చుట్టు చేరి ఏ తునక ఎవరిదో పంచుకుంటున్నరు.

మర్నాడు బీటు మేడం ఫారం పట్టుకొని వచ్చింది. గూడెమంత పాక కాడికి పోయింది. ఏజెంటు కూడ వచ్చిండు, సర్కారు ఇస్తదా ఇయ్యదా చూద్దామని.

"ఏది అమ్మమ్మా, మూడు గీతలు చూపియ్యండి" అన్నది మేడం.

మా తోడికోడలు చెయ్యి ముందుకు చాపింది. "ఇది పరికి ముల్లు. ఒక్కటే గీత. మా అక్కకు ఒకటి నుంచి మూడు దాక లెక్క సరిగ్గ రాదు, చదువు మొన్ననే నేర్చుకున్నది. గుడ్డెలుగు నన్ను ముట్టలే. పాపం, అది పండ్లు తింటుంటే నేనే మొహం మీద కొట్టిన. దాని మీద లేనిది చెప్పి నేను రేపు ఆ అడవిల ఎట్ల నడవాలె?"

అందరూ తలలు పట్టుకున్నరు. "అయిపోయింది" అన్నడు ఏజెంటు. "సర్కారు పైసలు పోయినట్టే." మరిది కూడ, "ముట్టకపోతే ఎట్లిస్తరు?" అన్నడు. మేడం ఏమీ అర్థంగానట్టు ఒకరి మొహం ఎనక ఒకరి మొహం చూసింది.

నాకు ఏం చెయ్యాల్నో తోచక ఆమె చేతుల ఫారం తీసుకున్న. వేలు పెట్టి చదువుడు మొదలుపెట్టిన. అందరూ నిలబడి ఎదురుచూడాల్సి వచ్చింది. నేను జల్దీ చదవలేను మరి. "అడవి... జంతువు... వలన..." ఏజెంటు, "నేను చదువుతానివ్వండమ్మా" అన్నడు. "నా చేతుల ఉన్నది నేనే చదువుత, ఆగు" అన్న. అక్షరం అక్షరం కూడబలుక్కుంట కిందిదాక పోయిన. గాయం ఎట్లయింది, ఎక్కడయింది, డాక్టరు ఏం రాసిండు, చూసినోళ్లు ఎవరు. మళ్ల పై నుంచి చదివిన. గోరు అనే మాట లేదు. పన్ను లేదు. ముట్టుడు లేదు.

"మేడం, ఇందుల ముట్టిందా అని అడగలేదేంది?"

"ఎందుకు అడుగుతరు అమ్మమ్మా? జంతువు వల్ల దెబ్బ తగిలిందా లేదా, అంతే. దాన్ని చూసి భయపడి ఉరికి పడ్డా, దాని వల్లనే కద. ముట్టాలని మీకెవరు చెప్పిండ్రు?"

నేను ఏజెంటు దిక్కు చూసిన. ఏజెంటు మరిది దిక్కు చూసిండు. "మీ పెద్దాయనే కదండీ ఎప్పుడో చెప్పింది, ముట్టుకుంటేనే లెక్క అని!" మరిది గెడ్డం గోక్కున్నడు. "నేను చెప్పింది మా పద్ధతి. సర్కారుది నాకేం ఎరుక?" అన్నడు.

మా గూడెంల అడిగేది ఆ ఒక్క మాటనే గనుక సర్కారు కూడ అదే అడుగుతదని ఊరంత అనుకున్నం. మూడు రోజులు దాని మీదనే కొట్లాడినం. ఆ ఒక్క మాట కోసం నేను అబద్ధం ఆడిన, ఆమె పాకల పడుకున్నది, ఒక మేక గుంజకు వచ్చింది. మేడం నవ్వు ఆపుకోలేక బండి మీద చెయ్యి ఆనిచ్చి నవ్వింది. నవ్వు ఆపినంక నా దిక్కు చూసి, "అమ్మమ్మా, ఇంకోసారి మూడు గీతలు గీయకండి. దొరికిపోతే ఉన్న నిజం కూడ పోతది" అన్నది. తల ఊపిన.

ఫారం నింపిండ్రు. చూసినోళ్ల పేరు కాడ నా సంతకం పెట్టిన. కాని మేడం ఉన్నమాట చెప్పింది. "కాయితం పైకి పోవాలె, అక్కడ నుంచి ఇంకా పైకి పోవాలె. పైసలు వస్తయి. పది రోజులల్ల మాత్రం రావు." అప్పటికి ఐదు రోజులు అయిపోయినయి.

మా తోడికోడలు చాప చుట్టుకొని పాకల నుంచి బయటికి వచ్చింది. గోరు పడలేదు గనుక తప్పు లేదు, తప్పు లేదు గనుక భోజనం లేదు. మరి మేక? అందరికీ ఒక్కసారే ఆ ఆలోచన వచ్చింది.

"తెచ్చినం గనుక తినేద్దాం" అన్నడొకడు. ఇంట్ల లేనన్నోడే.

నాకు ఒళ్లు మండింది. "సిగ్గుందా మీకు? చెయ్యి బాగు చెయ్యనీకె అడిగితే ఇంట్ల లేరు. మేకనగానే ఇండ్లల్లకు వచ్చిండ్రు. అది చెయ్యి ఇరిగి మన నడుమ ఉంటే మీకు ఖర్చు, మన బయట ఉంటే మీకు విందు!"

"వదినె, అట్లనకు" అన్నడు మరిది. ఆయనకు నిజంగనే బాధైంది. "తిండికి వేసుకునుడు పద్ధతి. దవాఖానాకు వేసుకునే పద్ధతి మనకు లేదు. మన పెద్దోళ్ల కాలంల దవాఖానా ఏది? ఉంటే పెట్టేటోళ్లే."

"వాళ్లు పెట్టేటోళ్లైతే మనం పెడదాం."

"పద్ధతి కోసం ఇచ్చిన పైసలు వేరేదానికి వాడొచ్చా?"

"ఎందుకు తినాలంటరు? మనిషి మళ్ల మనల కలవనీకె అంటరు గద. చెయ్యి లేకుంటే ఇది ఏం కలుస్తది? ఆకుకు రాదు, నాట్లకు రాదు, దేవత కొలుపుకు వండనీకె రాదు. పాకల ఉన్నట్టే ఇంట్ల ఉంటది."

ఆయన మేక దిక్కు తిరిగిండు. అప్పుడు మా తోడికోడలు, "నేను ఎడమచేత్తో తినలేను మరిదీ. నా చెయ్యి బాగయ్యేదాక ఆగుండ్రి, నేను గూడ తింట" అన్నది. మరిదికి నవ్వొచ్చింది. నవ్వొచ్చినంక ఒప్పుకోక తప్పలే.

మేకను ఎవరు కొనాలె? ఏజెంటు అక్కడనే ఉన్నడు. వాళ్ల చుట్టాల ఇంట్ల ఫంక్షను ఉన్నదంట. అద్దాలు తీసి తుడిచిండు. తుడిచి, మేక ధర ఇచ్చి, ఎవరూ అడగకుండనే పైన ఇంకొంత పెట్టిండు. "ఇది పాలసీ అనుకోండమ్మా. కాని ఏటేటా అడగొద్దు" అన్నడు. అల్లుడు సారపాక నుంచి వచ్చి తక్కువ పడ్డది కలిపిండు. తొమ్మిదోనాడు ఆమెకు ప్లేటు వేసిండ్రు.

ఇంటికొచ్చినంక ఆమెను గూడెంల ఎవరూ బాగున్నవా అని అడగలే. "మేక ఎట్లున్నది?" అని అడిగిండ్రు. ఆమె కట్టు మీద చెవి పెట్టి విని, "మేత అడుగుతున్నది" అనేది. చిన్నపిల్లలు ఆకులు తెచ్చి ఆమె చేతి కాడ పెట్టేటోళ్లు. నేను మూడు నెలలు వండి పెట్టిన. ప్రతి పూట ఉప్పు గురించి ఒక మాట పడ్డ. కట్టు ఇప్పినంక వేళ్లు ముడుచుడు రాలే. డాక్టరు చెప్పినట్టు పొద్దున, సాయంత్రం గోరువెచ్చని నీళ్లల్ల చెయ్యి పెట్టి తిప్పాలె. ఏడ్చుకుంట తిప్పింది, నన్ను తిట్టుకుంట తిప్పింది. ఒకనాడు నార తీసుకొని ఉత్త ఆకుల మీద ముడి వేసింది. ముడి జారింది. మళ్ల వేసింది. నేను చూడనట్టు పొయ్యి దిక్కు తిరిగి కూసున్న.

సర్కారు పైసలు వానలు పోయి చలి మొదలైనంక వచ్చినయి. వెంటనే కొత్త పంచాయితీ. ఆ పైసలు ఎవరియి? ప్లేటుకు పెట్టింది గూడెం గనుక గూడేనివి అన్నరు కొందరు. దెబ్బ తిన్నది ఆమె గనుక ఆమెవి అన్న నేను. మరిది మేక మాట ఎత్తిండు, ఆకలిగ ఉన్నట్టే ఎత్తిండు. అందరి మాటలు అయిపోయినంక మా తోడికోడలు, "నేను ఆడమేకను కొంట" అన్నది. "దాన్ని ఎవరూ కొయ్యొద్దు. అది ఈనినప్పుడల్ల పిల్లలు గూడేనివి. కార్డు లేనోడికి కాలో చెయ్యో ఇరిగితే ఒకదాన్ని అమ్మాలె. ముట్టిందా ముట్టలేదా అని అడగొద్దు."

బాగున్నది గద? నాకు గూడ బాగనిపిచ్చింది. నేను ఉన్నమాట రాస్తనన్న గనుక ఇది గూడ రాయాలె. సర్కారు కార్డు అందరికీ ఉండాలె, వేళ్లు నున్నగైనోళ్లకు ముందు ఉండాలె. మేకను నమ్ముకొని అడిగేది మానొద్దు. ఆమె పేరు మళ్ల ఎక్కియ్యనీకె నేను ఇప్పటికి నాలుగు దరఖాస్తులు రాసిన. నా చేతిరాత చూసి ఆఫీసుల బాబు, "ఎవరు రాసిండ్రు, చిన్నపిల్లలా?" అన్నడు. "ముసలిపిల్ల రాసింది. తీసుకో" అన్న. తీసుకున్నడు. ఇంకా జవాబు రాలే. ఐదోది రాస్త.

మేక ఈనింది, రెండు పిల్లలు. ఇప్పటిదాక ఎవరికీ ఏదీ ఇరగలే, దేవుడి దయ. కాని మేకను మేపాలె గద! అందరి మేక గనుక ఎవరూ మేపరు. వంతులు పెట్టినం. వంతు వచ్చిన రోజు ఒకనికి జరం, ఒకామెకు చుట్టాలు. అప్పుడు ఖర్చు ఎవరు పెట్టాలె అని కొట్లాడినోళ్లందరూ ఇప్పుడు మేత ఎవరు పెట్టాలె అని కొట్లాడుతున్నరు.

నేను ఇది రాస్తుంటే బయట అదే లొల్లి. మా తోడికోడలు మేక తాడును కుడిచేతికే రెండు చుట్లు చుట్టుకొని నిలబడ్డది. మేక ఒక దిక్కు గుంజుతున్నది. పిల్లల్ల ఒకదాన్ని పండుగకు కోద్దామని మరిది ఇంకో దిక్కు బతిమాలుతున్నడు. ఆ మణికట్టు పూర్తిగ తిరగదు, ఒక పక్కకు కొంచెం పట్టేసినట్టు ఉంటది. కాని పట్టు ఇడవదు. ఈ ఏడు ఆమె కట్టిన కట్టలు వంకరగున్నా ఒక్కటి గూడ ఊడిపోలే.

"అక్కా!" అని అరుస్తున్నది. "రాసింది చాలు, బయటికి రా. ఇయ్యాల వంతు ఎవరిదో మర్చిపోయినట్టు నటించకు. నీదే!"